పియానో కొనేముందు దాని వీపు చూడండి

మన కంబానికి దగ్గరలోని పన్నైపురంలో 1943లో పుట్టిన ఇళయరాజాగారు మద్రాసులో ధనరాజ్ మాస్టారి వద్ద పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. తరువాత "సాగర సంగమం", "రుద్రవీణ" చిత్రాలకు జాతీయ అవార్డులందుకున్నారు. ఆ స్ఫూర్తితో పిల్లలకు పాత పియానో కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న: సౌండ్‌బోర్డు అసలు చెక్కదా, ప్లైవుడ్డా?

వీణకు పైపలక ఎలాగో పియానోకు సౌండ్‌బోర్డు అలాగ. తీగల కదలికను, వీణలోని గుర్రం వంటి బ్రిడ్జి, ఈ పలకకు అందిస్తుంది. నిలువు పియానోను వెనుకనుంచి చూస్తే అది కనిపిస్తుంది.

పాత పద్ధతిలో స్ప్రూస్ చెక్క పలకలను అంచులు కలిపి అతికిస్తారు. మందం ఒక సెంటీమీటరు లోపే. చెక్క ఈనెలకు అడ్డంగా, పక్కటెముకల్లా, కర్ర బద్దలు అంటిస్తారు. అవి పలకను కొద్దిగా ఉబ్బెత్తుగా నిలబెట్టి, తీగల ఒత్తిడిని తట్టుకునేలా చేస్తాయి; నాదాన్ని అడ్డంగా కూడా వ్యాపింపజేస్తాయి.

చిక్కంతా తేమతోనే. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుంటుంది. బద్దలు మాత్రం అంతగా కదలవు. ఐప్పసి, కార్తిక మాసాల వానలకు ఉబ్బి నలిగిన పలక, చిత్తిరై ఎండలకు పగలవచ్చు.

పొరల పలకలో మధ్యపొర ఈనెలు పైపొరలకు అడ్డంగా ఉంటాయి. ఒకదాని కదలికను ఒకటి ఆపుతుంది. అందుకే పగుళ్ళు అరుదు. దీనికీ వెనుక బద్దలుంటాయి కనుక, బద్దలు చూసి అసలు చెక్క అనుకోవద్దు. అంచున పొరలు కనిపిస్తాయేమో చూడాలి. మంచి స్ప్రూస్ పలక నాదంలోని నిండుదనం పొరల పలకకు సాధారణంగా రాదు. అయినా పొరలంటే చులకన వద్దు: మొత్తం 15 నుంచి 20 టన్నుల తీగల లాగుడును భరించే మేకులు దిగే దిమ్మ, ఖరీదైన పియానోల్లో కూడా పొరలదే!

పగులు కనబడగానే పియానో పనికిరాదనీ అనుకోనక్కరలేదు. బద్దలు గట్టిగా అంటుకుని ఉంటే స్వరం చెడదు. బద్ద ఊడితే మాత్రం గరగరమంటుంది. మేకులు వదులైతే శ్రుతి నిలవదు; ఆ మరమ్మతు ఖర్చు చాలా ఎక్కువ.

కాబట్టి ఏడాది పొడుగునా గదిలో తేమను 40 నుంచి 60 శాతం మధ్య నిలపగలిగితే అసలు చెక్క పలకే మేలు. కిటికీలు తెరిచి ఉండే సామాన్య గృహంలో, నేర్చుకునే బిడ్డకు, పొరల పలక చాలు. ఎలాగైనా సరే, డబ్బు చేతులు మారకముందే శ్రుతి చేసేవారిని పిలిపించి చూపించండి.