ఎండ పంట – శనగ పంట

ప్రొద్దుటూరు దాటి రాజుపాలెం దారి పట్టామంటే నల్లరేగడి. కార్తీకంలో విత్తిన శనగ, నేలలో దాగిన పదునుతోనే మాఘానికి చేతికి వస్తుంది. నీరు పెట్టే పనే లేదు.

జమ్మలమడుగు అవతల మైలవరం మండలంలో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు తలపెట్టారు. ఎండను కరెంటుగా మార్చే అద్దపు పలకలకు మెగావాటుకు ఇంచుమించు 5 ఎకరాలు కావాలి. లెక్క వేసుకోండి!

ఆకూ, అద్దమూ రెండూ ఎండనే తింటాయి. అయితే అద్దం రాతినేల మీదనైనా బతుకుతుంది. నీరు పెట్టని శనగకు రేగడే కావాలి. చేను కౌలుకిస్తే ఆసామికి సొమ్ము ముడుతుంది, శనగ పీకే కూలీకి ఏమున్నది? అలాగని కరెంటు లేనిదే బోరూ తిరగదు, పప్పుమిల్లూ ఆడదు.

జపానులో 2013 నుండి ఎత్తైన స్తంభాలపై పలకలు నిలిపి, కింద సేద్యం సాగనిస్తున్నారు. ఆ సగం నీడకు మన శనగ ఒప్పుకుంటుందా? రాజుపాలెం చేలో ఒక ఎకరమైనా వేసి చూడవలసిన సంగతి.