ఎవరెస్టు యాత్రకు ఏర్పాట్లు

పర్వతారోహణమనగానే మన మనస్సునకు మొదట తోచునది శిఖరాగ్రమున ధ్వజము పట్టుకొని నిలిచిన మనుష్యుని చిత్రము. ఆ చిత్రమును తీయుటకు పట్టునది కొలది నిమిషములే. ఆ నిమిషములకై జరుగు ఏర్పాట్లు నెలల తరబడి సాగియుండును. ఆ ఏర్పాట్లెట్టివో, వానికన్నిటికిని మూలమైన నియమమేదియో మన బాలబాలికలకు విశదపఱచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2014వ సంవత్సరము మే 25వ తేదీ ఉదయమున మాలావత్ పూర్ణ యను బాలిక ఎవరెస్టు శిఖరమును చేరెను. అప్పటికామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. ఆమెతోకూడ ఎక్కినవాడు ఖమ్మం జిల్లావాడగు సాధనపల్లి ఆనంద్ కుమార్. పూర్ణ స్వగ్రామము నిజామాబాదు జిల్లాలోని పాకాల; మన బోయిన్‌పల్లి మీదుగా మేడ్చలువైపు పోవు రహదారియే ఆ జిల్లాకును దారి. ఆమె తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. బాలబాలికలిద్దఱును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుకొనుచుండిరి. ఆ పాఠశాలల కార్యదర్శిగా నుండిన ప్రవీణ్ కుమార్ గారును, పర్వతారోహణ శిక్షకులగు శేఖర్ బాబు గారును ఈ కార్యమునకు పూనుకొనిరి. మంచుకొండల నెఱుగని పిల్లలను లోకములోనెల్ల ఎత్తైన పర్వతముపైకి కొనిపోవుట వేడుక గాదు. పిల్లను పంపుడని యడిగినపుడు ఏ తల్లియైనను వేయదగిన ప్రశ్న యొక్కటియే: “మరల తెచ్చి మాకప్పగింతురా?” యాత్రకు చేయు ఏర్పాట్లన్నియు ఈ ప్రశ్నకు చెప్పు జవాబులేయని మా అభిప్రాయము.

మొదటి ఏర్పాటు మనుష్యుల ఎన్నిక. ఆ పాఠశాలలనుండి సుమారు 110 మంది పిల్లలను ఏఱి భువనగిరి కొండమీద శిలారోహణము నేర్పిరి. మనకు ఏబది కిలోమీటర్ల దూరములోనున్న ఆ ఏకశిలను మనలో పలువురు చూచియే యున్నారు. వారిలో 20 మందిని డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపిరి. 1954లో స్థాపింపబడిన ఆ సంస్థలో టెన్జింగ్ నార్గే స్వయముగా శిక్షణ నిచ్చియుండెను. తరువాత లడఖు చలిలో పరీక్ష జరిగెను. కడకు మిగిలినవారిద్దఱు. ఇట్టి ఎన్నికలో కండబలము మాత్రమే చూచిన చాలదు. తలనొప్పి వచ్చినపుడు దాచువానికంటె వెంటనే చెప్పువాడే పర్వతమునకు తగినవాడు; ఏలయన నాయకుడు తనకు తెలియని రోగమునకు చికిత్స చేయజాలడు.

రెండవ ఏర్పాటు మార్గము, కాలము. ఎవరెస్టునకు నేపాళమునుండి దక్షిణపు దారియు, టిబెట్టునుండి ఉత్తరపు దారియు ముఖ్యమైనవి. నేపాళ ప్రభుత్వము 16 ఏండ్లు నిండనివారి కనుమతి నియ్యదు గనుక పూర్ణ ఉత్తరపు దారిని పోవలసివచ్చెను. ఇక కాలమన్ననో, శీతకాలమున శిఖరముపై ప్రచండమైన గాలులు వీచును; వర్షఋతువున మంచు విస్తారముగా కురియును. ఈ రెంటి నడుమ మే నెలలో గాలి నెమ్మదించు దినములు కొన్ని మాత్రమే దొరకును. ఆ కొలది దినములకై వారములకొలది శిబిరములలో కాచియుండవలెను. పూర్ణ, ఆనందుల యాత్రకు 52 దినములు పట్టెను.

మూడవది శరీరమును గాలికలవాటు చేయుట. బోయిన్‌పల్లి సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఎవరెస్టు 8,848.86 మీటర్లు. పైకి పోవుకొలది గాలిలో ప్రాణవాయువుయొక్క పాలు తగ్గునని కొందఱు తలంతురు. అది సరికాదు, ఆ పాలు అంతటను నూటికి 21 వంతులే. తగ్గునది గాలియొక్క ఒత్తిడి. శిఖరముపై అది సముద్రతీరమునందలి ఒత్తిడిలో సుమారు మూడవవంతు మాత్రమే గనుక ఒక్కొక్క శ్వాసలో మనకందు ప్రాణవాయువును అంతే. నీరు సైతము అచ్చట సుమారు 70 డిగ్రీలకే మరగును. ఆ వేడికి బియ్యము చక్కగా నుడుకవు. ఆరోహకులు పగలు పైకెక్కి, రాత్రి క్రిందికి దిగి నిద్రింతురు. 3,000 మీటర్లు దాటిన పిమ్మట నిద్రించుచోటిని దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదనియు, మూడు నాలుగు దినముల కొకసారి విశ్రమింపవలెననియు వైద్యుల నియమము. ఇట్లు చేసినచో రక్తములోని ఎఱ్ఱకణములు క్రమముగా హెచ్చును. తొందరపడినచో ఊపిరితిత్తులలోగాని మెదడులోగాని నీరు చేరును. అప్పుడు తక్షణమే క్రిందికి దింపుటయే ముఖ్యమైన చికిత్స.

నాల్గవది బరువులు, వానిని మోయువారు. 1953లో జాన్ హంట్ నాయకత్వమున జరిగిన యాత్రలో 362 మంది కూలీలు సుమారు 10,000 పౌనుల సామానును మోసిరి. మన కూరగాయల మార్కెట్టులో బస్తాల నెత్తు హమాలీలను చూచినవారికి బరువనగా నేమో తెలియును; అదే బరువును ఊపిరి యాడనిచోట మోయుట యెట్టిదో యోచింపుడు. ఉత్తరపు దారిలో సుమారు 5,200 మీటర్లయొద్ద మూలశిబిరమును, 8,300 మీటర్లయొద్ద కడపటి శిబిరమును ఉండును. పై శిబిరములకు గుడారములను, ప్రాణవాయువు సీసాలను చేర్చువారును, యాత్రికులు పట్టుకొను త్రాళ్లను బిగించువారును బహుళముగా షెర్పాలే. 2014 ఏప్రిల్ 18న, ఈ పిల్లలు ఉత్తరపు దారిని పూనిన దినములలోనే, దక్షిణపు దారిలో మంచుచరియ విఱిగిపడి 16 మంది నేపాళీ పర్వతసేవకులు మృతినొందిరి. వారికిని ఇండ్లయొద్ద బిడ్డలు గలరు. కావున వారి జీతము, భీమా, వస్త్రములు సరిగా నేర్పఱుపని యాత్ర ఎంత ఘనమైనదైనను మంచి యాత్ర యనిపించుకొనదు.

కడపటిదియు ముఖ్యమైనదియు కాలనియమము. దీనిని లెక్కవలె చూతము. ఒక సీసాలో 1,200 లీటర్ల ప్రాణవాయువు కలదనియు, నిమిషమునకు 2 లీటర్లు ఖర్చగుననియు అనుకొందము. ఒక సీసా 10 గంటలు వచ్చును. రెండు సీసాలు 20 గంటలు. ఎక్కుటకు 10 గంటలు, దిగుటకు 5 గంటలు పట్టినచో మిగులునది 5 గంటలు. రాత్రి 10 గంటలకు బయలుదేరినవాడు ఉదయము 8 గంటలకు పైకి చేరవలెను. ఆలస్యమై 11 గంటలైనచో 13 గంటల గాలి వెచ్చమైనది. దిగుటకు 5 పోగా చేత నుండునవి 2 గంటలే. కాబట్టి 11 గంటలకు ఎక్కడనున్నను, శిఖరము కన్నులయెదుటనే యున్నను, వెనుకకు మరలవలెనని నాయకుడు క్రిందనున్నపుడే నిర్ణయించును. పైకి పోయిన పిమ్మట అలసిన మెదడు సరిగా నిర్ణయింపజాలదు.

ఈ నియమమును పాటించినవారి కథయు, తప్పినవారి కథయు చరిత్రలో నున్నవి. 1953 మే 26న బోర్డిలన్, ఇవాన్సు అను ఇరువురు శిఖరమునకు సుమారు 100 మీటర్ల దిగువవఱకు పోయి, కాలమును గాలియు చాలవని గ్రహించి మరలి వచ్చిరి. మూడు దినములకు హిల్లరీ, టెన్జింగులు శిఖరమును చేరిరి. మొదటివారి పేరులను నేడు కొలదిమందియే యెఱుగుదురు. కాని వారు ప్రాణములతో నిండ్లకు చేరిరి. 1996 మే 10న, రుసుము తీసికొని యాత్రికులను నడిపించిన రెండు బృందములలో పలువురు మధ్యాహ్నము 2 గంటలు దాటినను మరలక పైకే పోయిరి. సాయంకాలమున తుపాను వచ్చెను. ఆ తుపానులో పర్వతముయొక్క ఇరువైపులను కలిపి 8 మంది మరణించిరి. ఆ రెండు బృందముల నాయకులును వారిలోనివారే.

నేర్పుగలవారికిని పర్వతము మినహాయింపు నియ్యదు. నెల్లూరు జిల్లావాడగు మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 172 దినములలో నెక్కెను. అంతటి ధీరుడు 2015లో ఆండీసు పర్వతములలో ప్రతికూల వాతావరణమునకు చిక్కి అసువులు బాసెను. ఆయనను స్మరించునపుడు ఆయన సాహసముతోబాటు ఈ సంగతియు స్మరింపవలెను.

పూర్ణ క్షేమముగా మరలి వచ్చెను. అందువలననే ఆమె ఇతర శిఖరములకును పోగలిగి, 2022లో ఉత్తర అమెరికాలోని దెనాలి నెక్కి ఏడు ఖండముల శిఖరములను ముగించెను.

విద్యార్థులారా! మీలో ఎందఱు హిమాలయములకు పోవుదురో మేము చెప్పజాలము. భువనగిరికైనను మీరు పోవుదురు. అట్లు పోవునపుడు నీరెంత, త్రాడెంత, తోడెవ్వరు, మరలునది ఎన్ని గంటలకు అని ముందుగా కాగితముపై వ్రాసి, ఆ కాగితమును ఇంటనుంచి పొండు. గంట కాగానే వెనుకకు తిరుగుడు. కొండ మఱునాడును అచ్చటనే యుండును. తలిదండ్రులారా! మీ బిడ్డలను దూరయాత్రకు పంపుమని ఎవరైన నడిగినచో శిఖరమునుగూర్చి పిమ్మట విచారింపుడు. మరలి వచ్చు ఏర్పాటేమని మొదట అడుగుడు. ఆ ప్రశ్నకు తడబడక సమాధానము చెప్పగలవానికే బిడ్డను అప్పగింపుడు.