క్రిస్మస్ చెట్టు: తేమ ఉంటేనే ధర

మిర్చి, పత్తి యార్డుల్లో తేమ ఎక్కువైతే ధర కోస్తారు. అమెరికాలో ఏటా రెండు కోట్లకు పైగా అమ్ముడుపోయే క్రిస్మస్ చెట్ల విషయంలో లెక్క తలకిందులు. తేమ ఆరిన సరుకును అడిగేవారుండరు.

ఆరేడు అడుగుల చెట్టు పెరగడానికి 7 నుంచి 10 ఏళ్లు పడుతుంది. 2008 మాంద్యంలో రైతులు నాట్లు తగ్గించగా, 2016, 2017 సంవత్సరాల్లో సరుకు కొరతపడి ధరలు హెచ్చాయి. అమ్మకాలు మాత్రం నవంబరు చివరి నుంచి నాలుగైదు వారాలే. డిసెంబరు 25 దాటితే మిగులు సరుకు ఎరువుకే.

ఒరెగాన్, ఉత్తర కరొలైనా రాష్ట్రాలు ప్రధాన ఉత్పత్తి కేంద్రాలు. ఆకు నిలిచే గుణం వల్ల కరొలైనా ఫ్రేజర్ ఫర్ రకానికి గిరాకీ హెచ్చు.

రంగు చూసి కొనరాదు. కొన్ని తోటల్లో ఆకుపచ్చ రంగు చల్లడం కద్దు. రెమ్మను వేళ్ల మధ్య పట్టి దూస్తే పచ్చి ఆకులు చేతికి రాకూడదు. మొదలును నేలకు తట్టినపుడు లోపలి ఎండుటాకులు రాలడం సహజమే, పచ్చివి రాలితే పాత సరుకన్నమాట.

ఇంటికి చేర్చాక మొదలును అర అంగుళం తిరిగి కోయాలి. లేకుంటే కోతపై జిగురు గట్టిపడి నీరెక్కదు. మొదలు అడ్డకొలత అంగుళానికి రోజుకు సుమారు లీటరు నీరు కావాలి. చక్కెర, మందులు అనవసరం. హీటరు దగ్గర పెడితే త్వరగా ఎండుతుంది. ఎండిన చెట్టుకు నిప్పంటితే నిమిషాల్లో గది దగ్ధమే.