మ్యూనిక్‌లో దిగి ఇంగోల్‌స్టాట్ చేరడం ఎలా?

మన మారిషస్‌లో ప్రయాణికుల రైళ్ళు 1956లోనే ఆగిపోయాయి. 2020లో మెట్రో వచ్చేవరకు రైలు ప్రయాణం మనవారికి అలవాటు తప్పిన పని. కనుక చదువుకో, ఉద్యోగానికో జర్మనీ వెళ్ళిన పిల్లలను చూడబోయే పెద్దల కోసం ఈ నాలుగు మాటలు.

ఇంగోల్‌స్టాట్ మ్యూనిక్‌కు ఉత్తరాన, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న పట్టణం. విమానాశ్రయం నుంచి అక్కడికి నేరుగా రైలు లేదు. ముందు ఎస్-1 గాని, ఎస్-8 గాని ఎక్కి, సుమారు ముప్పావు గంటలో మ్యూనిక్ ముఖ్య స్టేషన్ చేరాలి. దానిని జర్మన్లు 'హౌప్ట్‌బాన్‌హోఫ్' అంటారు. అక్కడ రైలు మారాలి. ఐ.సి.ఇ. అనే వేగపు రైలుకు సుమారు 40 నిమిషాలు, ప్రాంతీయ రైలుకు గంట లోపు పడుతుంది. ప్రాంతీయ రైలు టిక్కెట్టు ఐ.సి.ఇ.లో చెల్లదు. స్టేషన్లలో గేట్లు లేవని టిక్కెట్టు లేకుండా ఎక్కకండి. తనిఖీ రైలులోనే జరుగుతుంది.

ఇంగోల్‌స్టాట్‌లోను ఒక హౌప్ట్‌బాన్‌హోఫ్ ఉంది. పేరు చూసి అది ఊరి నడుమ ఉందనుకోకండి. అది నదికి దక్షిణాన ఉంది. పాతపట్టణం ఉత్తరపు ఒడ్డున, రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మీ హోటలు పాతపట్టణంలో ఉంటే ముఖ్య స్టేషన్‌లో దిగి సిటీ బస్సు ఎక్కండి. మీ ప్రాంతీయ రైలు నది దాటి 'నోర్డ్' స్టేషన్‌లో ఆగేదైతే అక్కడే దిగండి, అది దగ్గర.

తిరుగు ప్రయాణంలో మరొక జాగ్రత్త. ఎస్-1 రైలు సాధారణంగా నోయ్‌ఫార్న్ స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది. ఒక భాగం విమానాశ్రయానికి, మరొకటి ఫ్రైజింగ్ ఊరికి పోతుంది. పెట్టె మీది బోర్డు చదివి, సందేహముంటే పక్కవారిని అడిగి ఎక్కండి. అడగడానికి సిగ్గుపడితే విమానం మనకోసం ఆగదు.