మోటారు పందెములు - పోషకుల పేర్లు



2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీ శనివారమునాడు హైదరాబాదు నగరమున, హుస్సేన్ సాగరపు గట్టున, విద్యుచ్ఛక్తితో నడచు మోటారుబండ్ల పందెమొకటి జరిగినది. ఈ జాతి పందెములకు ఫార్ములా-ఇ యని పేరు. 2014లో చైనా రాజధానియగు బీజింగు నగరమున ఇవి ఆరంభమైనవి. భారతదేశమున ఇట్టిది జరుగుట హైదరాబాదుననే ప్రథమము. సచివాలయము, లుంబినీ వనము, నెక్లెస్ రోడ్డు ప్రాంతములందలి నిత్యపు బాటలనే చుట్టును దడి కట్టి, సుమారు 2.8 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చిరి. 11 జట్లు, జట్టునకు రెండేసి చొప్పున 22 బండ్లు వచ్చినవి. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. మన టాటా వారి యాజమాన్యమున నున్న జాగ్వారు జట్టు బండ్లు రెండును ఒకదానినొకటి తాకి పందెము నుండి తొలగిపోవుట చూచువారికి వింతగను, జట్టువారికి తలవంపుగను ఉండెను. ఈ బండ్లకు పెట్రోలు లేదు, పొగ లేదు. మోటారు పందెమనగానే చెవులు చిల్లులుపడు మ్రోత యుండునని తలచి వెళ్లినవారికి సన్నని కూత మాత్రమే వినవచ్చినది.

పందెము సుమారు ఒక గంటలో ముగిసినది. దాని లెక్క మాత్రము పలు సంవత్సరములు సాగినది. ఆ లెక్కను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

పట్టణమువారి వేడుకతో తుర్కపల్లివారికేమి పనియని మీలో కొందరు తలపవచ్చును. పని కలదు. మన తుర్కపల్లి, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములు 2008లో ఏర్పడిన హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలోనివి. వాడుకలో దానినే హెచ్.ఎం.డి.ఎ. అందురు. పొలమును ప్లాట్లుగా విభజించి అమ్మదలచినవారు లేఅవుటు అనుమతికై రుసుము చెల్లించునది అచ్చటనే. సర్కారు భూములను వేలము వేసి సొమ్ము చేయునదియు ఆ సంస్థయే. ఆ బొక్కసమున మన ప్రాంతపు మట్టి వాసన కొంత కలదన్నమాట. రెండవ యేటి పందెమునకై ఆ బొక్కసము నుండియే సొమ్ము వెడలినది. అదెట్లు వెడలెనో తెలియవలెనన్న మొదట పోషకత్వమనునది ఏమో తెలిసికొనవలెను.

పోషకత్వము మనకు క్రొత్త కాదు. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చెను. ఆయన రాజు కాడు, వర్తకుడు. మన హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరువునకు అధికారియై యుండిన అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమును అంకితము చేసెను. కృతిభర్త ధనమిచ్చును. కవి అవతారికలో ఆయన వంశమును వర్ణించి, షష్ఠ్యంతములు చెప్పి, ప్రతి ఆశ్వాసమున ఆద్యంతములందు ఆయనను సంబోధించును. గ్రంథము నిలిచినంత కాలము ఆ పేరు నిలుచును. నేడు పందెపు బండి రెక్కపై కంపెనీ పేరు వ్రాయించుటయు ఇట్టిదే. బండి చక్రము తిరిగినన్ని మారులు ఆ పేరు లోకమున తిరుగును. పోతనామాత్యుడు భాగవతమును రాజున కిచ్చుటకు సమ్మతింపలేదని మనవారు చెప్పుకొనుటయు ఇచ్చట స్మరింపదగినది. ఎవని సొమ్ము గ్రహింపవలెను, ఎవని పేరు మోయవలెను అను మీమాంస మోటారు పుట్టకముందే మన సాహిత్యమున పుట్టినది. అయితే ఒక భేదమును గమనింపుడు. తిప్పయసెట్టి యిచ్చినది తన సొమ్ము. ఇతరుల సొమ్మిచ్చి పేరు తాను పొందలేదు.

పూర్వము మోటారు పందెములలో బండ్లకు దేశమును బట్టి రంగు వేయుచుండిరి. ఇంగ్లండు బండ్లు పచ్చన, ఇటలీవి ఎఱ్ఱన, ఫ్రాన్సువి నీలము, జర్మనీవి వెండి రంగు. 1968లో లోటస్ అను ఇంగ్లీషు జట్టు తన పచ్చరంగును విడిచి, గోల్డ్‌లీఫ్ అను సిగరెట్టు పెట్టె రంగులను బండికి పూయించెను. నాటి నుండి దేశపు రంగు పోయి దుకాణపు రంగు వచ్చినది. తరువాత మార్ల్‌బరో మొదలగు పొగాకు వర్తకులెల్లరు దిగిరి. సిగరెట్లను గూర్చి పత్రికలలో, దూరదర్శనములలో ప్రకటనలు వేయరాదని ఒక్కొక్క దేశము శాసించుకొలది, పొగాకు కంపెనీలు పందెపు బండ్లనే ప్రకటన పలకలుగా చేసికొన్నవి. ప్రకటనను నిషేధించిరి గాని పందెమును చూపుటను నిషేధింపలేదు గదా! పందెము చూపిన పేరును చూపినట్లే.

ఇంగ్లండులో దీనిపై పెద్ద అలజడి కలిగినది. 1997 జనవరిలో, ఫార్ములా-ఒన్ పందెముల అధిపతి బెర్నీ ఎకల్‌స్టన్ అనునాతడు లేబరు పార్టీకి పది లక్షల పౌండ్లు విరాళ మిచ్చెను. ఆ యేడాది మే నెలలో ఆ పార్టీ గద్దె నెక్కినది. నవంబరులో పొగాకు ప్రకటనల నిషేధము నుండి మోటారు పందెములకు మినహాయింపు కోరుచున్నట్లు ప్రభుత్వము తెలిపినది. వెంటనే విరాళము సంగతి బయటపడినది. ప్రధానియగు టోనీ బ్లేరు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చినది, పార్టీ సొమ్మును త్రిప్పి యిచ్చివేసినది. ఒకదాని వలన మరియొకటి జరిగినదా యనుట తేలలేదు. సొమ్ము ముందు, మేలు తరువాత జరిగినప్పుడు జనులకు సందేహము కలుగుట మాత్రము సహజము. తుదకు 2005 జూలై 31వ తేదీ నుండి ఐరోపా కూటమి దేశములలో పొగాకు పోషకత్వము నిషిద్ధమైనది. మన దేశమున 2003 నాటి చట్టమే పొగాకు ప్రకటనలను, పోషకత్వమును నిషేధించినది.

పొగాకు తొలగినంత మాత్రమున చిక్కు తొలగలేదు. ఫోర్స్ ఇండియా యను జట్టు విజయ మాల్యా అను సారా వ్యాపారిది. 2011లో సహారా సంస్థ అందు 42.5 శాతము వాటాను పది కోట్ల డాలర్లకు కొనెను. జట్టు పేరే సహారా ఫోర్స్ ఇండియా యైనది. సహారా అనిన మీకు తెలియనిది కాదు. పల్లెపల్లెకు ఏజెంట్లు తిరిగి, కూలినాలి వారి వద్ద దినమునకు పదియు ఇరువదియు వసూలు చేసిన సంస్థ యది. ఆ కూటమిలోని రెండు కంపెనీలు నిబంధనలకు విరుద్ధముగా జనుల నుండి సొమ్ము సేకరించినవనియు, సుమారు 24 వేల కోట్ల రూపాయలను నూటికి 15 వంతున వడ్డీతో త్రిప్పి యీయవలెననియు 2012 ఆగస్టు 31వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2014 మార్చిలో దాని అధిపతిని చెఱకు పంపిరి. ఆ తరువాతను ఆ పేరు బండ్లపై దేశదేశముల తిరుగుచునే యుండెను. పందెపు బండిపై మెరయు పేరు కంపెనీ సత్తువకు సాక్ష్యమని భ్రమపడిన చిన్న పొదుపరుల గతి యేమైనదో చూచితిరా?

ఇక మన హైదరాబాదు సంగతి. దీనిని కొంచెము నిదానముగా వినవలెను.

పందెము పెట్టువాడు ఊరివద్ద రుసుము పుచ్చుకొనును. మనము జాతరకు బోగట్టా చెప్పి నాటకసమాజమును పిలిపించుకొన్నట్లు, నగరము సొమ్మిచ్చి పందెమును పిలిపించుకొనును. ఆ సొమ్మును నిర్వాహక కంపెనీ భరించి, టిక్కెట్ల వలనను, ప్రకటనల వలనను రాబట్టుకొనవలెను. లాభనష్టములు దానివి. బాట, భద్రత, అనుమతులు ప్రభుత్వమువి. 2022 అక్టోబరు 25వ తేదీన ఫార్ములా-ఇ వారికి, మన పురపాలక శాఖకు, ఏస్ నెక్స్ట్ జెన్ అను నిర్వాహక కంపెనీకి నడుమ త్రైపాక్షికమగు ఒడంబడిక జరిగినది. ఆ కంపెనీ హైదరాబాదునకు చెందిన గ్రీన్‌కో యను విద్యుత్తు సంస్థతో సంబంధము గలది. పందెమునకు గ్రీన్‌కో పేరే పెట్టిరి. సూర్యరశ్మి వలనను, గాలి వలనను విద్యుత్తు తీయు సంస్థ విద్యుత్ బండ్ల పందెమును పోషించుట పొందికగనే యున్నది.

మొదటి యేడు జరిగిన పిదప, గిట్టుబాటు కాలేదని నిర్వాహక కంపెనీ తొలగినది. చిక్కంతయు నిచ్చటనే యున్నది. పోషకుడు తప్పుకొనినచో వేడుకను మానుకొనవలెను, లేదా వేఱొక పోషకుని వెదకవలెను. ఇచ్చట ఆ బరువు హెచ్.ఎం.డి.ఎ. నెత్తిన పడినది. 2023 అక్టోబరులో 3వ తేదీన సుమారు 22 కోట్ల 69 లక్షలు, 11వ తేదీన సుమారు 23 కోట్ల రూపాయలు, పౌండ్ల రూపమున ఇంగ్లండునకు పంపబడినవి. ఆదాయపు పన్ను మొదలగునవి కలిపి వ్యయము సుమారు 55 కోట్లయినది. పురపాలక శాఖకును ఫార్ములా-ఇ వారికిని క్రొత్త ఒడంబడిక జరిగినది అక్టోబరు 30వ తేదీన, అనగా సొమ్ము వెళ్లిన తరువాత. నడుమ 9వ తేదీన శాసనసభ ఎన్నికల ప్రకటన వెలువడినది. డిసెంబరులో ప్రభుత్వము మారినది. 2024 ఫిబ్రవరి 10వ తేదీన జరుగవలసిన పందెము రద్దైనదని జనవరి 5వ తేదీన ఫార్ములా-ఇ వారు ప్రకటించి, ఒడంబడికను మీరినది పురపాలక శాఖయేనని నిందించిరి.

2024 డిసెంబరు 19వ తేదీన అవినీతి నిరోధక శాఖ నాటి పురపాలక మంత్రి కె. తారకరామారావు గారిపైనను, ఇద్దరు అధికారులపైనను కేసు నమోదు చేసినది. కేసు కొట్టివేయవలెనని ఆయన చేసిన విన్నపమును 2025 జనవరి 7వ తేదీన హైకోర్టు త్రోసిపుచ్చెను. ఆ సంవత్సరము నవంబరులో అభియోగమునకు గవర్నరు అనుమతి లభించెను. మంత్రివర్గపు ఆమోదము గాని, ఆర్థిక శాఖ సమ్మతి గాని లేకయే ప్రజాధనము విదేశమునకు వెళ్లినదనుట ప్రభుత్వ పక్షము. సొమ్ము బ్యాంకు ద్వారమున నేరుగా పందెము వారికే చేరినది, తనకు కాసైనను రాలేదు, నగరమునకు సుమారు 700 కోట్ల మేలు కలిగినది, పందెము చేజారరాదని తాను నిర్ణయించితిననుట తారకరామారావు గారి పక్షము. మఱియొక ఆరోపణ కలదు. గ్రీన్‌కో, దాని అనుబంధ సంస్థలు 2022 ఏప్రిల్, అక్టోబరు నెలల నడుమ 41 కోట్ల రూపాయల ఎన్నికల బాండ్లు కొని నాటి పాలకపక్షమున కిచ్చినవని క్రొత్త ప్రభుత్వము ప్రకటించినది. ఆ సంస్థలు తక్కిన పార్టీలకును బాండ్లిచ్చినవని ప్రతిపక్షపు ప్రత్యుత్తరము. ఎన్నికల బాండ్ల పద్ధతినే 2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. ఇవి ఆరోపణలు మాత్రమే. దోషము నిర్ణయించుట న్యాయస్థానపు పని, నేను ఆ పనికి పూనుకొనను.

అయినను ఒక్కమాట. ఏడువందల కోట్ల మేలు అనుట యెట్లు లెక్కించిరి? దూరదర్శనమున ఊరి పేరు ఎన్ని క్షణములు కనిపించినది, అన్ని క్షణముల ప్రకటనకు వెల యెంత, యని గుణించుట ఈ లెక్కల పద్ధతులలో నొకటి. హోటళ్ల ఆదాయము మొదలగునవి దానికి చేర్తురు. ఇది ధాన్యము కొలిచినట్టి కొలత కాదు. మేలు లేదని నేననను. నగరపు పేరు వినిన పిమ్మట పరిశ్రమలు రావచ్చును. మన తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ వచ్చిన పిమ్మట ఇచ్చటి టీకాలు దేశదేశములకు వెళ్లుట చూచుచునే యున్నాము. కాని ఆ పేరు పని వలన వచ్చినది. పందెము వలన వచ్చు పేరునకు వెల కట్టువాడు సాధారణముగ ఆ పేరును అమ్ముకొనువాడో, కొన్నవాడో యగుట చూచి లెక్కను సగమునకు తగ్గించి చదువుట నా యలవాటు.

మన చుట్టునున్న కంపెనీలును బడి గోడలపై, మంచినీటి తొట్లపై తమ పేర్లు వ్రాయించుచుండును. ఇది పోషకత్వమా, ధర్మమా యని చావడివద్ద నన్ను పలువురడిగిరి. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, నికర ఆస్తి 500 కోట్లు గాని, వ్యాపారము వేయి కోట్లు గాని, నికర లాభము 5 కోట్లు గాని గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు వంతులు సమాజకార్యములకు వ్యయింపవలెను. 2021లో సవరించిన నియమముల చొప్పున, తమ సరకు అమ్మకమునకై చేయు పోషకత్వము ఈ లెక్కలోనికి రాదు. రాజకీయ పార్టీలకిచ్చు విరాళమును రాదు. కావున పందెపు బండిపై పేరు వ్రాయించుట వేఱు, బడికి గది కట్టించుట వేఱు. గది కట్టించినపుడు అది దయ మాత్రమే కాదు, చట్టము విధించిన బాధ్యతయు నగును. ఏ కంపెనీ ఏ పనికి ఎంత వ్యయించినదో వార్షిక నివేదికలో వ్రాయవలెనను నియమము కలదు. ఆ నివేదికలను పెక్కు కంపెనీలు ఇంటర్నెట్టున ఉంచుచున్నవి. చదువుకొన్న మనుమలచేత వానిని తెప్పించి, మన యూరి పేరిట వ్రాసిన పనులు మన యూర నున్నవో లేవో సరిచూచుకొనవచ్చును.