విలీనము

ఏలూరు ప్రక్కగా పాఱు తమ్మిలేఱు కొల్లేటిలోఁ బడుచున్నది. బుడమేఱును అందే చేరుచున్నది. సరస్సు దాటి సముద్రమునకుఁ బోవు నీటికి ఉప్పుటేఱని పేరు. ఆ నీటిని జూపి ఇది తమ్మిలేఱు, ఇది బుడమేఱు అని విడఁదీసి చెప్పఁగలవారు లేరు. ఇట్లు ఒకటి తన వేఱైన ఉనికిని గోల్పోవుటను విలీనమగుట యందుము.

1923లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. మా ఉంగుటూరి పెద్ద లొకరు, "మాస్టారూ! సొమ్మున్నది, పుస్తకమున్నది, పేరు లేదు. దీనిని కలిసినదందుమా, పోయినదందుమా?" అని నన్నడిగిరి. ప్రశ్న చిన్నది కాదు.

విలీనశబ్దమునకు మూలము 'లీ' ధాతువు. ధాతుపాఠమున దీనికి శ్లేషణము, అనఁగా అంటుకొనుట, యని యొకచోటను, ద్రవీకరణము, అనఁగా కరఁగించుట, యని మఱియొకచోటను అర్థము చెప్పఁబడినది. లయము, ప్రళయము దీనినుండి పుట్టినవే. ఇందెవ్వరికిని ఆశ్చర్యము గలుగదు. కాని ఆలయము, నిలయము కూడ దీని బిడ్డలే యనినచో నా విద్యార్థులు నమ్మెడివారు కారు! ఆటపాకయొద్ద గూడబాతు చెట్టుపై నొదిగి యుండును. ఆ చెట్టు దానికి నిలయము. ఒదిగినంతమాత్రమునఁ బక్షి చెట్టు గాలేదు.

ఇఁక కరఁగుట. ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుఁడు కుమారుఁడగు శ్వేతకేతుచేత రాత్రి ఉప్పును నీటిలో వేయించి, ఉదయమున దానిని దెమ్మనును. వెదకినను చేతికి దొరకదు. అచ్చట ప్రయుక్తమైన మాట విలీనమే. పిమ్మట తండ్రి పైనీరు, నడిమినీరు, అడుగునీరు చవిచూపించును. అంతటను ఉప్పే. మన ఉపన్యాసకులు తఱచుగా ఉప్పు కరఁగుటవఱకుఁ జెప్పి, చవిచూచుటను వదలివేయుదురు, కథకుఁ బ్రాణమదియే.

కావున ఆ పెద్దలతో నే నిట్లంటిని: "అయ్యా! బోర్డుపై నున్న పేరును జూచి నిర్ణయింపఁబోకుఁడు. బల్లయొద్ద నున్న గుమాస్తా సార్వా యేదో దాళ్వా యేదో ఎఱిఁగినవాఁడా? వ్రాలు చేయరాని ముసలమ్మకు అప్పుకాగితమును తెలుఁగున విప్పి చెప్పుచున్నాఁడా? రేపు పోయినప్పుడు అది చూచి రండు."