మైకో పంపుకి పడనిది నీరు

వానలు తెరిపిచ్చాక కొల్లేటి చేపల చెరువుల దగ్గర పాత ట్రాక్టర్లకీ, నీళ్ళు తోడే ఇంజన్లకీ ఒకే రకం జబ్బు వస్తుంటుంది. స్టార్టవుతుంది, తెల్లపొగ కక్కుతుంది, లోడు పడగానే దగ్గి ఆగిపోతుంది. ఇంజన్‌కి డీజిల్ అందించే "పంపు పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు పంపుది తప్పు కాదు, దానికి పోసినదానిది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్‌కి ఈ పంపు లేదు. అప్పట్లో బాగా ఒత్తిన గాలితో ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊదేవారు. ఆ గాలి కోసం వేరే కంప్రెసరు ఉండాలి కాబట్టి ఇంజన్ ఫ్యాక్టరీలకీ ఓడలకీ పరిమితమైంది. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపును పెద్దఎత్తున తయారు చేయడం మొదలెట్టాక డీజిల్ లారీల్లో బాగా పాకింది. 1951లో బెంగళూరులో బాష్ వారి మైకో వచ్చింది. కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, పాత మెకానిక్కుల నోట ఆ పంపు మైకో పంపే.

దాని లోపల ప్లంజరుకీ, అది ఆడే బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. అంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. రింగుల్లేవు, రబ్బరు సీళ్ళు లేవు. ఆ సందులో నిలిచే డీజిల్ పొరే ఒత్తిడిని ఆపాలి, అదే కందెన కావాలి. రోటరీ పంపులైతే మొత్తం డీజిల్ మీదే ఆధారం. నీళ్ళకి ఆ జిడ్డుగుణం లేదు. లోహం లోహాన్ని గీరుతుంది, నాలుగు రోజులు ఆపితే తుప్పు పట్టి ప్లంజరు బిగుసుకుంటుంది. కాలుతున్న నాజిల్ కొన దగ్గర నీటిబొట్టు ఒక్కసారిగా ఆవిరైతే కొన విరగనూ వచ్చు.

ఇంతకీ నీళ్ళెక్కడివి? దాళ్వా (రెండో పంట) పని తగ్గాక సగం ఖాళీ ట్యాంకుతో నిలిపిన ట్రాక్టర్‌లో తేమగాలి చేరి రాత్రి చల్లబడి చెమర్చడం నిజమే. కానీ అది చుక్కల లెక్క. అసలు దొంగ గట్టు మీద నిలబెట్టిన డ్రమ్ము. దాని పైఅంచు లోపల వాననీరు నిలుస్తుంది. పగలు ఎండకి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే డ్రమ్ము గాలి పీలుస్తుంది, మూత బిగించినా మర సందుల్లోంచి ఆ నీటినీ లాక్కుంటుంది. నీరు మూతల దాకా ఎక్కని విధంగా డ్రమ్మును ఒరిగించి, మూతలు రెండూ ఒకే మట్టంలో ఉండేలా పెడితే చాలు. పైసా ఖర్చు లేదు, అందుకేనేమో ఎవరూ చేయరు!

నీరు అడుగున చేరితే ఇంకో అతిథి వస్తుంది. హార్మోకోనిస్ రెసినే అనే బూజు నీటికీ డీజిల్‌కీ మధ్య పెరుగుతూ ఇంధనాన్నే తింటుంది. ఫిల్టర్ విప్పితే కనిపించే నల్లటి జిగురు ఇలాంటి సూక్ష్మజీవుల పనే కావచ్చు.

అనుమానం వస్తే "ఇంకోసారి సెల్ఫ్ కొట్టు" అనకూడదు. కొట్టిన ప్రతిసారీ నీరు పంపులోకి ఇంకాస్త లోతుకి పోతుంది. ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పి గాజు సీసాలో పట్టాలి. డీజిల్ లీటరు 820–845 గ్రాములు, నీరు కిలో. కాబట్టి నీరు కిందకి దిగి మధ్యలో గీత తేలుతుంది. గీత లేదని సంబరపడొద్దు, సీసా నిండా నీళ్ళే ఉన్నా గీత ఉండదు! కాస్త మంచి డీజిల్ కలిపి చూడాలి. పాలలా మసకగా ఉంటే రాత్రంతా కదపకుండా ఉంచాలి. డ్రమ్ముకైతే బంకుల్లో వాడే నీటిపరీక్ష పేస్టును కర్ర కొనకి పూసి అడుగుదాకా ముంచితే, తడిసినంత మేర రంగు మారుతుంది. కిరోసిన్ కల్తీని మాత్రం సీసా పట్టివ్వదు. దానికి బంకులో సాంద్రత కొలిపించాలి.

మరమ్మతు ట్యాంకు నుంచి మొదలవ్వాలి, పంపు నుంచి కాదు. ట్యాంకు దించి కడగాలి, జల్లెడా ఫిల్టర్ గిన్నే శుభ్రం చేయాలి, ఫిల్టర్లు కొత్తవి వేయాలి. తర్వాత ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టి ఎయిర్ తీయాలి. నాజిల్ పైపులు వదులు చేసినప్పుడు చెయ్యి అడ్డం పెట్టకండి, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. చివరిగా రిటర్న్ పైపు. నాజిళ్ళ నుంచి మిగిలిన డీజిల్ దాన్లోంచే ట్యాంకులోకి తిరిగొస్తుంది. ఇంజన్ నడిపి చూసే కాసేపూ దాన్ని డబ్బాలోకి వదలకపోతే, లైన్లో మిగిలిన నీరంతా కడిగిన ట్యాంకులోకే చేరుతుంది.